గాలి తరంగాలు ఎవరి సొత్తు?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీవీలో వార్తలు చదివే ఆడబిడ్డను రోజూ చూస్తున్నాం. ఏది వార్తో తేల్చే కుర్చీలో ఆడబిడ్డ ఉందా అని మాత్రం అడగం. ఆ కుర్చీ దాకా నడిచిన ఒకామె గురించి చెబుతాను. ఆమె మృణాల్ పాండే.

1946లో మధ్యప్రదేశ్‌లోని టీకంగఢ్‌లో పుట్టారు. తల్లి శివాని పేరున్న హిందీ రచయిత్రి. మృణాల్ 1984లో 'వామా' మహిళా పత్రికకు సంపాదకులయ్యారు. దూరదర్శన్‌లో, స్టార్ న్యూస్‌లో పనిచేశారు. 'హిందుస్తాన్' దినపత్రికను నడిపారు. 1994లో ఢిల్లీలో మహిళా జర్నలిస్టులు సంఘం పెట్టుకుంటే తొలి అధ్యక్షురాలు ఆమే. 2010 జనవరిలో ప్రసార భారతి బోర్డు అధ్యక్షురాలయ్యారు. 2014 దాకా ఉన్నారు.

కుర్చీ దక్కితే అధికారం దక్కినట్టేనా? 1990 చట్టం ప్రకారం 1997లో ప్రసార భారతి ఏర్పడింది. పేరుకు స్వయంప్రతిపత్తి. పైసలు ఇచ్చేది కేంద్రం. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో 'ఇది ప్రసారం చేయొద్దు' అని ఆదేశించేదీ కేంద్రమే. ఆమె వచ్చిన ఏడాదే కామన్వెల్త్ క్రీడల ప్రసార కాంట్రాక్టు రచ్చకెక్కింది. డిసెంబరులో సీఈఓనే సస్పెండ్ చేశారు. అలాంటి ఇంటికి ఆమె పెద్దదిక్కు!

అసలు ఈ తరంగాలు ఎవరివి? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రజల ఆస్తి అని. ఆ తీర్పు ఇచ్చిన వారిలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. తరంగాలు సర్కారువీ కావు, పెట్టుబడిదారులవీ కావు. ఆస్తి మనదైతే లెక్క అడిగే హక్కూ మనదే.

2021 జూన్‌లో వచ్చిన నిబంధనలు చూడండి. ప్రోగ్రామ్ కోడ్‌ను మీరిన ప్రసారంపై ముందు చానల్‌కే రాయాలి. 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు, ఆ పైన కేంద్రానికి పోవచ్చు. ఉద్యోగ మిత్రులారా, అర్జీ రాయడం మీకు ఒకరు నేర్పాలా?

కానీ ఒక మెలిక ఉంది. చూపించినదానిపైనే ఫిర్యాదు. చూపించనిదానికి? పెనుకొండ చేలల్లో ఎండిన వేరుశనగ, ధర్మవరంలో ఆగిన మగ్గం తెరమీదికి రాకపోతే ఏ కోడ్ కింద రాయాలి? ఏ నిబంధనలోనూ దానికి గడి లేదు. ఆ లోటు తీర్చేది న్యూస్ డెస్క్‌లో కూర్చున్న మనిషే.

అందుకే అంటున్నా. హిందూపురం చెల్లెలు మైకు పట్టుకుంటే చాలదు. డెస్క్ దాకా పోవాలి, బోర్డు దాకా పోవాలి. అక్కడికి పోయినాక మన పల్లెను మరవకూడదు. మరిస్తే నిలదీయడానికి మనం ఉండాలి!