గని నీటి శుద్ధిలో స్వయంచాలక యంత్రాలు: మన వైఖరి

(గని కార్మిక ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కామ్రేడ్స్,

గని నీటిని శుద్ధి చేసే కేంద్రాలలో నేడు స్వయంచాలక యంత్రాలు ప్రవేశిస్తున్నాయి. వీటిని మనం ప్రతిఘటించాలా, అంగీకరించాలా అన్న ప్రశ్న ఈ సమావేశం ముందున్నది. ఒక ఉదాహరణతో నా అభిప్రాయం మనవి చేస్తాను.

దేశంలోని క్రోమైట్ నిల్వలలో అత్యధిక భాగం ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నది. అక్కడి గనులలో ఊరే నీటిలోను, మట్టి దిబ్బల నుండి జారే వాననీటిలోను ఆరు సంయోజకత గల క్రోమియం కరిగి ఉంటుంది. అది చర్మాన్ని పుండ్లు చేస్తుంది. క్యాన్సర్ కారకం కూడా. శుద్ధి చేయక వదిలిన నీరు దమ్‌సాల వాగు గుండా బ్రాహ్మణి నదిని చేరుతుంది. 2007లో బ్లాక్‌స్మిత్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రపంచంలో మిక్కిలి కలుషితమైన 10 స్థలాల జాబితాలో సుకిందాను చేర్చింది.

ఈ విషానికి విరుగుడు అన్నభేది, అనగా ఫెర్రస్ సల్ఫేట్. అది క్రోమియంను మూడు సంయోజకత గల రూపానికి మార్చి, బురదగా అడుగుకు దింపుతుంది. మోతాదు తగ్గితే విషం నీటిలోనే మిగులుతుంది. చేతితో మందు కలిపే పద్ధతిలో, వర్షాకాలంలో గంటల వ్యవధిలో పెరిగే ప్రవాహానికి తగినట్లు మోతాదు మార్చడం కష్టం. నీటిలోని ఎలక్ట్రోడు సంకేతాన్ని బట్టి మందు వదిలే పంపు ఆ పని వేగంగా చేయగలదు. బస్తాలు విప్పి మందు పోసే కార్మికునికి దుమ్ము బాధ తప్పుతుంది. కనుక యంత్రాన్ని యంత్రమైనందుకే వ్యతిరేకించరాదు.

అయితే ఆ ఎలక్ట్రోడుపై ఇనుప బురద పేరుకొంటుంది. శుభ్రం చేసి సరిచూడకపోతే తప్పు అంకె చూపుతుంది. పైగా అది క్రోమియంను నేరుగా కొలవదు. నమూనా తీసి, డైఫినైల్‌కార్బజైడ్ కలిపి, ఊదారంగు తేలుతుందో లేదో చూచి, ఆ రంగు గాఢతను కొలిచినప్పుడే నిజం తెలుస్తుంది. నదిలోకి వదిలే నీటిలో ఈ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించరాదన్నది నిబంధన. నేను చూచిన ఒక గనిలో యంత్రం రాగానే యాజమాన్యం మొదట రద్దు చేసినది ప్రయోగశాల సహాయకుని ఉద్యోగమే! అడుగున చేరిన బురదను మాత్రం కాంట్రాక్టు కార్మికులు చేతి తొడుగులైనా లేకుండా పారలతో ఎత్తుతూనే ఉన్నారు. యంత్రం వల్ల లాభం యాజమాన్యానికి, ప్రమాదం కార్మికునికి, విషం దిగువ గ్రామాలకు అన్న పంపకాన్ని మనం ఒప్పుకోరాదు.

కనుక మన డిమాండ్లు ఇవి:

1. యంత్రాల పేరిట ఒక్క కార్మికుని కూడా తొలగించరాదు. పంపు ఆపరేటర్లకు ఎలక్ట్రోడుల నిర్వహణలో జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి.

2. ప్రతి షిఫ్టులో నమూనా పరీక్ష జరగాలి. ఫలితాన్ని గని గేటు వద్ద స్థానిక భాషలో ప్రకటించాలి.

3. బురద తొలగింపును కూడా యాంత్రీకరించాలి. ఆ పనిలో ఉన్నవారికి రక్షణ సామగ్రి, ఉచిత వైద్య పరీక్షలు కల్పించాలి.

4. పరిమితి దాటినప్పుడు నీటి విడుదలను ఆపే అధికారం షిఫ్టు కార్మికునికి ఉండాలి. ఆపినందుకు అతనిపై చర్య తీసుకోరాదు.

ప్రతి గనిలోను దిగువ గ్రామాల ప్రజలను కూడా కలుపుకొని ఈ డిమాండ్లపై సంతకాలు సేకరించవలసిందిగా కోరుతున్నాను. ఆ వాగు నీటినే మన కుటుంబాలు కూడా వాడుకొంటున్నాయని మరువకండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!