ప్రశ్నార్థకాలుగా మారిన మన అక్షరాలు
(ప్రసంగ పాఠం)

 

నేను భాషా పండితుణ్ణి కాను, కంప్యూటరు ఇంజనీరునూ కాను. హోసూరులో తెలుగు పుస్తకాలు అమ్ముకొనే చిన్న అంగడివాణ్ణి. బళ్లారి, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం వంటి ఊళ్లలోని తెలుగువారికి పుస్తకాలు చేర్చాలని 2009లో ఇంటర్నెట్‌లోనూ ఒక అంగడి తెరిచాము. పన్నెండేళ్లు సాఫీగా నడిచింది. 2021లో, పాత సాఫ్ట్‌వేర్‌కు ఇక మరమ్మతులు అందవని తెలిసి కొత్తదానికి మారాము. ఆ ఒక్క రాత్రిలో జరిగినదానిని, దానినుండి మేము నేర్చుకొన్నదానిని మీతో పంచుకోవడానికే ఈనాడు నిలబడ్డాను.

తెల్లవారి చూస్తే అంగడిలో ఒక్క తెలుగు అక్షరం లేదు. పుస్తకాల పేర్లున్న చోటల్లా నెత్తిన గీతలున్న ఇంగ్లీషు ‘ఎ’లు, వాటి పక్కన చిన్న సున్నలు, కూడిక తీసివేత గుర్తులు వరుసలు కట్టి ఉన్నవి. రాత్రి వచ్చిన మూడు ఆర్డర్లలోనైతే అవీ లేవు. పేరు, వీధి, ఊరు అన్నీ వట్టి ప్రశ్నార్థకాలే. పిన్‌కోడు, ఫోన్ నంబరు మాత్రం చెక్కుచెదరలేదు.

వాటిలో ఒక నంబరుకు ఫోను చేశాను. రాయగడ జిల్లానుండి ఒక పెద్దావిడ పలికింది. “అమ్మా, మీ పేరూ ఊరూ మాకు సరిగా అందలేదు. ఒకసారి చెబుతారా?” అన్నాను. “అందకపోవడమేమిటి నాయనా! పుస్తకం పేరు చదవరాకపోయినా అట్ట బొమ్మను చూసి గుర్తుపట్టి అడిగాను. నా పేరు తెలుగులోనే రాశానే! ఇక్కడ ఏ కాగితంమీదా నా పేరు తెలుగులో ఉండదు. మీ దగ్గరైనా ఉంటుందనుకొన్నాను” అన్నది. నాకు జవాబు తోచలేదు. అప్పుడే నిశ్చయించుకొన్నాను, ఇది ఎవరికో అప్పజెప్పి మరచిపోయే పని కాదని.

అసలు లోపం ఎక్కడ? కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికను క్యారెక్టర్ సెట్ అంటారు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. దానిని దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. కాని డేటాబేస్‌లలో బహుళ ప్రచారంలో ఉన్న మైఎస్‌క్యూఎల్ స్వీడన్‌లో పుట్టింది. మనము వేరే చెప్పకపోతే లాటిన్-1 అనే పశ్చిమ ఐరోపా పట్టికనూ, స్వీడన్ వరుసక్రమాన్నీ అదే పెట్టుకొనేది. 2018లో వచ్చిన 8.0 కూర్పుతోగాని ఆ అలవాటు మారలేదు. మా అంగడి అంతకు ముందుదే.

మరి పన్నెండేళ్లు తెలుగు ఎలా కనిపించింది? ఇల్లాలు ఉప్పును చక్కెర అని రాసి ఉన్న డబ్బాలో పోసిందనుకోండి. డబ్బా మీద ఏమున్నా లోపలున్నది ఉప్పని ఆమెకు తెలుసు గనుక వంట చెడదు. పాత సాఫ్ట్‌వేర్ ఆ ఇల్లాలు. తెలుగు బైట్లను లాటిన్ పేరుతో దాచేది, లాటిన్ పేరుతోనే తీసేది. కొత్త సాఫ్ట్‌వేర్ కొత్త కోడలు. డబ్బామీది రాతను నమ్మి పాయసంలో పోసింది! లాటిన్ అక్షరాలనుకొని ఒక్కొక్క బైటునూ విడివిడిగా యుటిఎఫ్-8లోకి మార్చి చూపింది. అందుకే ఆ గీతల ‘ఎ’లు.

ప్రశ్నార్థకాల కథ వేరు. కొత్త సాఫ్ట్‌వేర్ సరైన తెలుగునే పంపింది. కాని లాటిన్ గడిలో తెలుగుకు తావు లేదు. కఠిన నియమం పెట్టి ఉంటే డేటాబేస్ తప్పని చెప్పి ఆపేది. మా దగ్గర ఆ నియమం లేనందున ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క ప్రశ్నార్థకం రాసి ఊరుకొన్నది. అంకెలు లాటిన్ పట్టికలోనూ ఉన్నవి గనుక ఫోన్ నంబరు మిగిలింది.

ఈ తేడా తెలుసుకోవడమే చికిత్సలో మొదటి మెట్టు. గీతల ‘ఎ’లు కనిపిస్తే భయపడవద్దు, అక్షరం బ్రతికే ఉన్నది. ప్రశ్నార్థకం కనిపిస్తే, అది గడిలోనే రాసి ఉందా, చూపేటప్పుడు మాత్రమే వస్తున్నదా అని పరీక్షించాలి. గడిలోనే ఉంటే ఆ అక్షరం పోయినట్లే. ఏ మంత్రమూ దానిని తిరిగి తేలేదు.

పరీక్ష ఇది. డేటాబేస్‌లో హెక్స్ అనే ఆజ్ఞ ఉంది. తెర ఏమి చూపినా, గడిలోని అసలు బైట్లను అది చెబుతుంది. ‘ఇ0 బి0’, ‘ఇ0 బి1’ అని వరుసగా వస్తే తెలుగు క్షేమం. ‘సి3 ఎ0 సి2 బి0’ అని వస్తే ఎవరో ఒకసారి అనవసరపు మార్పిడి చేసినట్లు. దానిని వెనుకకు నడిపించవచ్చు. ‘3ఎఫ్ 3ఎఫ్’ అని వస్తే అవి నిజమైన ప్రశ్నార్థకాలే.

చికిత్సకు ముందు అంగడి మూసివేయండి. సర్వర్‌ను ఆపి డేటాబేస్‌కు పూర్తి నకలు తీయండి. ప్రయోగాలన్నీ నకలుమీదనే చేయండి. గడిని నేరుగా యుటిఎఫ్-8కు మార్చమని ఆజ్ఞ ఇవ్వవద్దు. అది ఉప్పును చక్కెరగా ఎంచి మళ్లీ మార్పిడి చేస్తుంది. ముందు గడిని బైనరీ రకానికి మార్చాలి, అంటే డబ్బామీది చీటీ చింపివేయాలి. తరువాత యుటిఎఫ్8ఎంబి4 అనే రకంతో మళ్లీ అక్షరాల గడిగా మార్చాలి, అంటే సరైన చీటీ అతికించాలి. లోపలి బైట్లు కదలవు, పేరు మాత్రమే మారుతుంది. ఆపైన సాఫ్ట్‌వేర్‌కూ డేటాబేస్‌కూ నడుమనున్న కనెక్షన్, పేజీ తలకట్టు కూడా అదే పట్టికను చెబుతున్నాయో లేదో చూడాలి. ఒక్కటి తప్పినా రోగం తిరగబెడుతుంది.

ఇక్కడ మాకు మరొక దెబ్బ తగిలింది. పాత గడిలో పుస్తకం పేరుకు 64 అక్షరాల చోటుండేది. లాటిన్ లెక్కలో ఒక బైటు ఒక అక్షరం. తెలుగుకు మూడేసి చొప్పున 21 గుర్తులు పట్టి, ఒక బైటు మిగిలేది. మన ‘శ్రీ’ ఒక్కటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు! పొడవైన పేర్లన్నీ చివర తెగిపోయి, చాలావాటిలో ఆఖరి గుర్తు ముక్క మాత్రం గడిలో మిగిలి ఉన్నది. ఆ ముక్కలను కొత్త గడి ఒప్పుకోలేదు. వాటిని ఏరి తీసి, పుస్తకాలు చేతబట్టుకొని పేర్లు మళ్లీ రాసుకొన్నాము. నాలుగు రోజులు పట్టింది.

చివరిగా ఒక మాట. మీ పిల్లలు సంఘానికో, బడికో, అంగడికో ఇటువంటి మార్పు చేయిస్తున్నప్పుడు, పని ముగిసిందని ఒప్పుకొనేముందు తెలుగులో ఒక పేరు నమోదు చేయించి, హెక్స్‌లో చూపమనండి. ఇంగ్లీషు పేరుతో పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. ఎందుకంటే ఇంగ్లీషుకు లాటిన్-1లోనూ యుటిఎఫ్-8లోనూ అవే అంకెలు.

తెలుగుకు మొదటి బైటు ‘ఇ0’ అని చెప్పాను. కన్నడానికీ, తమిళానికీ, ఒడియాకూ, మరాఠీకీ కూడా మొదటి బైటు అదే. తేడా రెండవదానితో మొదలవుతుంది. కనుక మన అక్షరాలకు చోటు చేసిన గడి ఇరుగుపొరుగు అక్షరాలకూ చోటు చేసినట్లే. ఇది ఎవరితోనూ తగవు పెట్టుకొని సాధించవలసినది కాదు.

రాయగడ తల్లికి పుస్తకం పంపాము. పైన చీటీమీద ఆమె పేరు తెలుగులో అచ్చయింది. దాని కింద టపా వారి కొరకు ఊరు పేరు ఒడియాలోనూ అచ్చయింది. రెండూ ఒకే గడిలోనుండి వచ్చినవే. సెలవు.