కచేరీలో సౌండు ఇంజనీరు

గాయకుని కంఠమును కడపటి వరుసకు చేర్చు భారము నేడు సౌండు ఇంజనీరుది. యంత్రపరిజ్ఞానము అతనికి అవసరమే. కాని అంతకుముందు కావలసినది మంచి చెవి యని మా అభిప్రాయము.

మైకు లేనప్పుడు వీణ ఎట్లు పలుకునో ఎరిగినవాడే మైకులో దాని నాదమును నిలుపగలడు. మృదంగము కుడివైపు తోలుపై గల నల్లని పూత వలన ఉపస్వరములు ఒకదానితో నొకటి సంవాదించునని సి. వి. రామన్, ఎస్. కుమార్ గార్లు 1920లో చూపిరి. మంద్రధ్వనిని మితిమీరి పెంచినచో ఆ సొగసంతయు ఉరుములో మునిగిపోవును.

స్పీకరు ధ్వని మరల మైకులో పడి పెరిగినచో ఈలకూత పుట్టును. అందుచేత స్పీకర్లను మైకులకు ముందువైపున, సభాముఖముగా నిలుపవలెను. మైకును గాయకునికి చేరువగా నుంచవలెను.

ఇక అసలు పరీక్ష కచేరీ నడుమ వచ్చును. వయొలిను పెంచుమని ఒకరు, మృదంగము పెంచుమని మరొకరు సైగ చేయుదురు. అందరి కోరికయు తీర్చినచో రొదయే మిగులును. గాయకుడు గొంతు చించుకొనవలసి వచ్చును. నేర్పరి యగువాడు ఒకదానిని పెంచుటకు మారుగా అడ్డువచ్చుదానిని తగ్గించును. తంబుర శ్రుతి కడపటి వరుసలో వినబడుచున్నదా యని తానే నడచి వెళ్లి విని వచ్చును. అట్టివానికి సంగీతసభలు విద్వాంసులతోపాటు మర్యాద చేయవలెను.