బతికొచ్చిన అమ్మాయిని "డ్రామా" అంటారెందుకు?

మా మనుబోలులో మగాడు పురుగుమందు తాగి బతికొస్తే "పాపం, అప్పులు" అంటారు. అదే ఆడపిల్లయితే "బెదిరించడానికి, అంతా డ్రామా" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

సంపన్న దేశాల్లో ఇలా బతికి బయటపడేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మన ఆసియా పల్లెల్లో ఆ తేడా చాలా తక్కువ. కోపమొచ్చిన ఆ పది నిమిషాల్లో ఇంట్లో ఉన్న మందుడబ్బా ఆడా మగా చూడదు కదా! శ్రీలంకలో ప్రమాదకరమైన మందులు నిషేధించాక చావులు బాగా తగ్గాయి.

ఇంకోటి. కేసవుతుందని ఆస్పత్రిలో "కడుపునొప్పి" అని చెప్తారు, ముఖ్యంగా పెళ్లికాని అమ్మాయైతే. అలా దాచొద్దు, ఏం తాగారో డాక్టరుకి తెలియాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 115: ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష లేదు. మనసు బాలేకపోతే టెలీ మానస్, 14416. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.