బిళ్ల మానొద్దు, బాధ దాచొద్దు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



బీపీ బిళ్ల వేసుకునేవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. అడిగితే వినపడే మాట ఒకటే. "నాట్లు అయ్యేదాకా ఆపేశానక్కా, వేసుకుంటే పని సాగట్లేదు." అది వంక కాదు. మందుతో ఇబ్బందులు నిజంగానే రావచ్చు. ఏ బిళ్లతో ఏమొస్తుందో తెలుసుకుందాం.

అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. రోజంతా నిలబడి బడిలో వంట చేసే అక్కలకు ఇది బాగా తెలుస్తుంది. ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు రావచ్చు. అది దగ్గు మందుతో పోదు, బిళ్ల మార్చాల్సిందే. అటెనలాల్‌తో నీరసం రావచ్చు. నీరు తీసే బిళ్లలతో మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. చేలో చాటు ఉండదు కదా, అందుకని బిళ్లన్నా మానేస్తాం, నీళ్లు తాగడమన్నా మానేస్తాం. ఎండలో నీళ్లు మానితే, వంగి లేచేసరికి కళ్లు తిరిగి పడిపోతాం.

బీపీకి నొప్పి ఉండదు. బిళ్ల మానినా ఆ రోజు ఏమీ కాలేదనిపిస్తుంది. లోపల మాత్రం మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతింటూనే ఉంటాయి. అటెనలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు. పక్షవాతం వచ్చి మంచాన పడితే మన కూలీ పోతుంది, మనల్ని చూసుకునేవాళ్ల కూలీ కూడా పోతుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

కాబట్టి బిళ్ల ఆపకముందే ఏఎన్‌ఎమ్‌కు గానీ పీహెచ్‌సీ డాక్టరుకు గానీ చెప్పండి. బాధతో పాటు మీరు చేసే పని ఏంటో, ఎండలో ఎన్ని గంటలో కూడా చెప్పండి. మోతాదు తగ్గించొచ్చు, వేళ మార్చొచ్చు, మందే మార్చొచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది.

ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలకు కూడా చేటు. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ వాడే చెల్లెళ్లు గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు చెప్పాలి, అవి బిడ్డకు ప్రమాదం. బిళ్ల వేసుకున్నాక పెదాలు, ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

సంఘం మీటింగులో పొదుపు రాసేటప్పుడు పక్కనున్న అక్కను ఒక్క మాట అడగండి: "బిళ్లలు వేసుకుంటున్నావా? వేసుకుంటే ఎలా ఉంటోంది?" బాధ ఉందని చెబితే తోడుగా పీహెచ్‌సీకి వెళ్లండి.