పొడిమంచులో తండ్రీ కొడుకులు

(మన సంఘం కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగం. పలువురి కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం.)



"పెన్షన్ గురించి, వైద్య సదుపాయం గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. నాకు కాస్త తెలిసినవి రెండే. ఒకటి కోక్ ఓవెన్లు. వాటి గురించి ఇక్కడున్నవారిలో సగం మందికి నాకంటే ఎక్కువ తెలుసు. రెండోది, 1999 ఫిబ్రవరిలో మా అబ్బాయితో కలిసి హిమాలయాల్లో స్కీయింగ్ నేర్చుకున్న వారం రోజుల సంగతి. అదే చెబుతాను. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెబుతున్నానో చివర్లో మనవి చేస్తాను.

అప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. మావాడికి పదిహేను, తొమ్మిదో తరగతి. ఉక్కునగరంలో క్వార్టరు. షిఫ్టు డ్యూటీలు చేసినవారికి ఆ జీవితం కొత్తగా చెప్పనక్కరలేదు. నేను ఎ షిఫ్టుకు బయలుదేరేటప్పటికి వాడు నిద్రలో ఉండేవాడు. బి షిఫ్టు దిగి వచ్చేటప్పటికి మళ్ళీ నిద్రలోనే. సి షిఫ్టు అయితే పగలంతా పడుకునేవాణ్ణి నేను. మిగిలిన కాస్త సమయంలో నేను మార్కులు అడగడం, వాడు తలవంచుకుని వినడం. నేను ముందుగదిలోకి వస్తే వాడు లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. దెబ్బలాట లేదు, మాటా లేదు.

మా గేటు దగ్గర డ్యూటీ చేసే సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను ఒకాయనది చమోలీ జిల్లా. ఒకరోజు మాటల మధ్య, "చలికాలంలో మా ఊరి పైన ఔలీలో మంచు మీద స్కీయింగ్ నేర్పుతారు సార్, వారం రోజుల కోర్సు" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర మాటవరసకు ఆ విషయం చెప్పాను. మావాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నిజంగా వెళ్దామా నాన్నా?" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఎల్.టి.సి. వాడుకోకుండా మిగిలి ఉంది. సెలవు పెట్టేశాను. "చదువు మానిపించి మంచులోకా?" అని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సింహాచలం వెళ్ళి అప్పన్నకు మొక్కుకుని వచ్చింది. వస్తూ వస్తూ, చలికాలంలో మన ఊరొచ్చి స్వెట్టర్లు అమ్ముకునేవాళ్ళ దగ్గర రెండు మంకీ క్యాపులు కొనుక్కొచ్చింది. అనుమతి దొరికిందని అలా తెలిసింది.

బదరీనాథ్ యాత్ర చేసినవారికి జోషీమఠ్ తెలుసు. హరిద్వార్ నుంచి గంగ ఒడ్డున, తర్వాత అలకనంద ఒడ్డున ప్రయాగలు దాటుకుంటూ రోజంతా బస్సులో వెళ్ళాలి. అప్పటికి ఉత్తరాఖండ్ రాష్ట్రం ఏర్పడలేదు, అదంతా ఉత్తర ప్రదేశే. జోషీమఠ్‌లో నరసింహస్వామి ఆలయం ఉంది. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసి ఉంటుంది కదా, ఆ నెలల్లో స్వామివారి పూజలు కిందికి వస్తాయి. మన అప్పన్నా అక్కడి స్వామీ ఒక్కరేనని మావాడికి చెప్పాను. "అయితే అమ్మ మొక్కు ఇక్కడే తీర్చేద్దామా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

జోషీమఠ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే మీద ఔలీ చేరుకున్నాం. స్కీయింగ్ వాలులు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల దాకా ఉంటాయి. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. వెయ్యి డిగ్రీలు దాటిన ఓవెన్ల పక్కన చెమటలు కక్కిన మనిషిని, అక్కడ నిలబడితే నా ఊపిరే నాకు పొగలా కనబడింది.

మన భాషలో అన్నీ మంచే. గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, హిమాలయం మీద కురిసేదీ మంచే. కాని అక్కడివాళ్ళు దాన్ని చేత్తో పట్టుకుని రకాలు చెబుతారు. బాగా చలిగా ఉన్నప్పుడు, గాలి లేకుండా కురిసిన కొత్త మంచు పొడిగా ఉంటుంది. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టదు. బియ్యప్పిండిలా జారిపోతుంది. దానిలో మంచుకంటే గాలే ఎక్కువ. పది అంగుళాల పొడిమంచు కరిగిస్తే ఒక అంగుళం నీరు కూడా రాకపోవచ్చు. దాని మీద స్కీ చప్పుడు చేయదు. పడినా దెబ్బ తెలియదు. దూరదేశాలవాళ్ళు లక్షలు ఖర్చుపెట్టి వెతుక్కుంటూ వెళ్ళేది ఈ పొడిమంచు కోసమేనట.

మొదటి మూడు రోజులూ మాకు దొరికింది మాత్రం తొక్కి తొక్కి గట్టిపడిన మంచు. కాళ్ళకు బరువైన బూట్లు, వాటి కింద మనిషంత పొడుగు పట్టీలు. మొదట నేర్పేది ఆగడం. పట్టీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు దూరంగా తొయ్యాలి. నాగలి ఆకారం వస్తుంది, వేగం తగ్గుతుంది. వినడానికి తేలిక. మొదటి రోజు నేను ఇరవైసార్లు పడ్డాను, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. భయపడినవాడు వెనక్కి వాలుతాడు. వెనక్కి వాలితే పట్టీలు మాట వినవు. ముందుకు వంగాలి. కిందికి జారిపోతున్నప్పుడు ముందుకు వంగమంటే నలభై తొమ్మిదేళ్ళ శరీరం ఒప్పుకుంటుందా?

మావాడు రెండో రోజుకే మలుపులు తిరుగుతున్నాడు. మూడో రోజు నా పక్కకు వచ్చి, "మోకాళ్ళు వంచు నాన్నా, కిందికి చూడకు, వెళ్ళాల్సిన చోటు చూడు" అన్నాడు. నా వెనకే నెమ్మదిగా దిగుతూ, నేను పడిన ప్రతిసారీ చెయ్యి అందించాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. లెక్కలు తప్పు చేసినప్పుడు నేను వాడితో అలా ఉన్నానా అని అనుకున్నాను. లేను.

నాలుగో రాత్రి మంచు మొదలైంది. ఐదో రోజంతా కురిసింది. ఆరో రోజు ఉదయం ఆకాశం నీలంగా విచ్చుకుంది. కొండంతా కొత్తగా ఉంది. ఒక్క అడుగుజాడ లేదు. మా శిక్షకుడు పాతికేళ్ళ గఢ్వాలీ కుర్రవాడు. తక్కువ వాలు మీద మమ్మల్ని పొడిమంచులో దింపాడు. మోకాళ్ళ దాకా మునిగాం. అందులో బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉంచాలి. ఒక కాలి మీద వేస్తే ఆ పట్టీ పాతుకుపోతుంది. ఒకసారి నా పట్టీ ఊడి మంచులో మాయమైంది. ముగ్గురం పావుగంట వెతికాం. మావాడు ఆ రోజు గాలిలో తేలినట్టు దిగుతుంటే చూసి, వీడు నా కొడుకేనా అనిపించింది.

పైన చెట్ల పక్కన ఇంకా నిలువైన వాలు ఒకటి ఉంది. పక్కమీద పరిచిన దుప్పటిలా ముడత లేకుండా ఉంది. అక్కడ శిక్షకుడు రెండు కర్రలు పాతి, వాటి మధ్య ఎర్రగుడ్డ కట్టాడు. ఇవాళ అటు ఎవరూ వెళ్ళకూడదన్నాడు.

మిత్రులారా, ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మర్నాడు మా తిరుగు ప్రయాణం. కెమెరా రీలులో ఇంకా ఆరు ఫొటోలు మిగిలాయి. మధ్యాహ్నం శిక్షకుడు కిందికి వెళ్ళినప్పుడు మావాడితో అన్నాను: "ఆ గుడ్డ దాటి ఇరవై గజాలు వెళ్ళి, కొత్త మంచులోంచి దిగు. కింద నిలబడి ఫొటో తీస్తాను. ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చు పెట్టాం, రెండు నిమిషాల పని."

వాడు కదల్లేదు. "పర్మిట్ లేదు కదా నాన్నా" అన్నాడు.

మీకు వివరించనక్కరలేదు. గ్యాస్ లైన్ మీద పని చేయాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ వాపసు తీసుకుంటే చేతిలో స్పానర్ ఉన్నా దిగిపోవాలి. పక్కన ఎంత పెద్ద ఆఫీసరున్నా అంతే. ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాటలు వందసార్లు చెప్పి ఉంటాను. తలవంచుకుని అన్నం తినే పిల్లాడు వినడం లేదనుకున్నాను. అన్నీ విన్నాడు. నా మాట నాకే అప్పజెప్పాడు. నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. "సరే పద" అని మాత్రం అన్నాను.

సాయంత్రం ఈ సంగతి శిక్షకుడికి నేనే చెప్పాను. అతను తిట్టలేదు. పార పట్టుకుని, ప్రమాదం లేని చిన్న గట్టు దగ్గరికి తీసుకెళ్ళి, మంచును నిలువునా తవ్వి చూపించాడు. పైన రెండు రోజుల కొత్త మంచు. దాని కింద పాత మంచు పంచదార పలుకుల్లా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంది. పారతో వెనక నుంచి కొద్దిగా లాగాడు. పైపొర పలకలా ఊడి జారి వచ్చింది. "నిలువు వాలు మీద మనిషి బరువు పడితే ఇదే జరుగుతుంది. కాని ఇంత ముక్క కాదు, కొండ వెడల్పున" అన్నాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇటువంటి హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద జారుతాయి. స్కీ చేయడానికి సరదాగా ఉండే వాలు కూడా అదే. పెద్ద మంచు కురిసిన తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం. పొడిమంచు బాగుండేదీ ఆ రోజుల్లోనే. చిక్కుకున్నవారిలో చాలామంది విషయంలో ఆ పలకను కదిలించింది వాళ్ళో, వాళ్ళ తోటివాళ్ళో అయి ఉంటారు. పూడిపోయినవారిని పదిహేను నిమిషాల్లోపు బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు, ఆపైన ఆశ వేగంగా తగ్గిపోతుంది.

ఆ రోజు ఆ వాలు జారిందా అని మీరడగవచ్చు. లేదు, జారలేదు. మేం చూసినంతవరకు ఏమీ జరగలేదు. మావాడు దిగి ఉంటే చక్కగా దిగి ఉండేవాడేమో, మంచి ఫొటో కూడా వచ్చి ఉండేదేమో. నేను ఇంకోసారి అలాగే చెప్పి ఉండేవాణ్ణి. ప్రమాదం జరగని రోజును చూసి ధైర్యం తెచ్చుకోవడం ఎంత చెడ్డదో ప్లాంటులో పనిచేసిన మనకు తెలుసు.

మేం ఇంటికి చేరిన కొద్ది వారాలకు, 1999 మార్చి 29 అర్ధరాత్రి దాటాక, చమోలీలో పెద్ద భూకంపం వచ్చింది. సుమారు వందమంది చనిపోయారు. మావాడు రేడియో దగ్గరనుంచి లేవలేదు. శిక్షకుడికి ఉత్తరం రాశాడు. నెల దాటాక పోస్టుకార్డు వచ్చింది. ఇంటి గోడ పడిపోయిందట, మనుషులు క్షేమమట. ఆ కార్డు వాడు నా చేతికిచ్చి, నేను చదివేదాకా పక్కనే కూర్చున్నాడు. అప్పటినుంచి నేను గదిలోకి వస్తే లేచి వెళ్ళడం మానేశాడు.

తర్వాతి సంవత్సరాల్లో కొండల వార్తలు వచ్చినప్పుడల్లా ఆ ఎర్రగుడ్డ గుర్తొస్తుంది. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద మంచు విరుచుకుపడి 17 మంది పోయారు. మన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కినవాడు. 2015లో ఆండీస్ కొండల్లో కన్నుమూశాడు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైనున్న మాణా దగ్గర రోడ్డు పనివాళ్ళ శిబిరం మంచులో పూడిపోయి ఎనిమిది మంది చనిపోయారు. ఎంతో తెలిసినవారికీ, బతుకుతెరువు కోసం వెళ్ళినవారికీ కొండ ఒకటే.

ఇక ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా మనవరాలికి పదమూడేళ్ళు. వాళ్ళ నాన్నతో మంచులోకి వెళ్తానంటోంది. మా ఆవిడ వద్దంటోంది. నిర్ణయం నన్ను చెప్పమన్నారు. మీ ఇళ్ళలోనూ ఇటువంటి పంచాయితీలు వస్తుంటాయి. వద్దు అనేయడం మనకు తేలిక. కాని 2014లో నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అమ్మానాన్నలు వద్దని ఉంటే? శిక్షణ పొందే ఎక్కింది, అది మరిచిపోకూడదు.

నేను మావాణ్ణి మూడే అడిగాను. నేర్పేవారెవరు? వాళ్ళు ఆపమంటే ఆగుతావా? ఆ వారం వాతావరణం, హిమపాత హెచ్చరికలు చూస్తావా? మంచు, హిమపాతాల అధ్యయనానికి రక్షణ శాఖ 1969లోనే ఒక సంస్థ పెట్టింది. 2020 నుంచి అది మరో పెద్ద సంస్థలో భాగమైంది, హెచ్చరికలు మాత్రం వెలువడుతూనే ఉన్నాయి. రోప్‌వే నడుస్తోందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్ళు బీటలు వారినప్పుడు ఔలీ రోప్‌వే ఆపేశారు. మా రోజుల్లో మంకీ క్యాపుతో సరిపెట్టుకున్నాం, ఇప్పుడు హెల్మెట్ లేకుండా పిల్లలను దింపవద్దు. మీరూ తోడు వెళ్తానంటే సంతోషమే. కాని బి.పి., గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ ఎత్తుకు వెళ్ళవద్దు. వెళ్ళినా మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి.

నా మూడు ప్రశ్నలకూ మావాడు జవాబు చెప్పి, చివర్లో నవ్వుతూ, "పర్మిట్ ఇచ్చినట్టేనా నాన్నా?" అన్నాడు. ఇచ్చాను.

ఆ రీలులో మిగిలిన ఆరు ఫొటోల్లో ఒకటి ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. ఎర్రగుడ్డకు ఇవతల నిలబడిన పదిహేనేళ్ళ కుర్రవాడు. వెనక ఎవరూ తొక్కని మంచు.