పిల్లల చేతిలో చిన్న మోటారు



మా పాఠశాల సైన్స్ క్లబ్బుకు ఈ ఏడాది చేయదలచిన సాయం ఏ రూపంలో ఉంటే బాగుంటుందో చెప్పమని పెద్దలు మమ్మల్ని అడిగారు. పెద్ద అట్టపెట్టెలో, పైన రంగుల బొమ్మతో వచ్చే రోబోటిక్స్ కిట్ల పేర్లు చదువుతామని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు మేము మాట్లాడబోయేది అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఒక వస్తువు గురించి. దాన్ని మైక్రో సర్వో మోటారు అంటారు. పిల్లలు చేసే రైల్వే గేటు లేచినా, అట్టముక్కల చెయ్యి చాక్‌పీసును పట్టుకున్నా, చెత్తడబ్బా మూత దానంతట అది తెరుచుకున్నా ఆ పని చేసేది ఇదే. అది సరిగా లేకపోతే మిగతా సామాను ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టవలసిందే.

ఫ్యాన్ మోటారు తిరుగుతూనే ఉంటుంది. సర్వో అలా కాదు, చెప్పిన కోణం దగ్గరికి వెళ్లి ఆగుతుంది. దాని పొట్టలో ఒక బుల్లి మోటారు, నాలుగైదు పళ్ల చక్రాలు, ఒక చిన్న సర్క్యూట్, ఒక పొటెన్షియోమీటర్ ఉంటాయి. పాత రేడియోలో శబ్దం పెంచి తగ్గించే మీట కింద ఉండేది ఈ పొటెన్షియోమీటరే. ఇరుసు ఎంత తిరిగిందో సర్క్యూట్‌కు తెలిపేది అదే. బయటికి మూడు వైర్లు వస్తాయి. ఎరుపు, గోధుమరంగు వైర్లు కరెంటుకు, నారింజరంగు వైరు ఆజ్ఞకు. ఆజ్ఞ అంటే సెకనుకు 50 సార్లు వచ్చే ఒక చిన్న విద్యుత్ తట్టు. అది సుమారు 1.5 మిల్లీసెకన్లు ఉంటే ఇరుసు మధ్యలో నిలుస్తుంది. తగ్గితే ఒక పక్కకు, పెరిగితే రెండో పక్కకు తిరుగుతుంది. ఏడో తరగతి పిల్లలకు ఈ మాత్రం చాలు, మిగతాది వాళ్లే చేసి చూస్తారు.

ఇక్కడ మాకున్న అసలు బాధ చెప్పాలి. ఒక ప్రదర్శనకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వస్తువులు ఎత్తే చెయ్యి తయారు చేసింది. చెయ్యి నిలిచిన చోట నిలవకుండా వణికింది. ఆ పిల్ల ఒక సాయంత్రమంతా ప్రోగ్రాం తుడిచి మళ్లీ రాసింది, వైర్లన్నీ విప్పి మళ్లీ కట్టింది. చివరికి "నాకు చేతకాదు టీచర్" అంది. ప్రోగ్రాం తప్పు కాదు, వైర్ల తప్పూ కాదు. ఆ కిట్‌లో వచ్చిన మోటారులో పొటెన్షియోమీటర్ నాసిరకానిది. వేరే మోటారు బిగిస్తే అదే ప్రోగ్రాంతో చెయ్యి కుదురుగా నిలిచింది. ఉపాధ్యాయులుగా మేము కోరేది తప్పులు లేని ప్రాజెక్టు కాదు. తప్పు జరిగితే అది తన పనిలోనే ఉందని పిల్లకు నమ్మకం ఉండాలి. అప్పుడే వెతుకుతుంది, దొరికించుకుంటుంది. వస్తువే అబద్ధమాడితే వెతికే పిల్ల తనను తాను అనుమానించుకుంటుంది. ఆడపిల్లల విషయంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. "ఇవన్నీ నీకెందుకమ్మా" అనేవాళ్లు ఇంటి చుట్టూ సిద్ధంగా ఉంటారు కదా!

బజారులో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి ఎస్‌జీ-90, బరువు 9 గ్రాములు, లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. రెండోది ఎంజీ-90ఎస్, చూడటానికి దాదాపు అంతే ఉంటుంది, చక్రాలు లోహానివి, బరువు 13 గ్రాముల పైచిలుకు. వెల సుమారు రెట్టింపు. ఈ పేర్లు ఇప్పుడు ఒక కంపెనీకి పరిమితం కాలేదు. ఎవరు తయారు చేసినా అవే అక్షరాలు అంటించి అమ్ముతున్నారు. కాబట్టి పైనున్న కాగితాన్ని బట్టి నాణ్యత చెప్పలేము. లోహపు చక్రాలని అమ్మిన వాటిలో ఒకటి రెండు ప్లాస్టిక్ చక్రాలు కలిసి ఉండటమూ ఉంది. అనుమానం వస్తే అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పి, పై మూతను జాగ్రత్తగా ఎత్తి చూడవచ్చు. విప్పడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే బంగారం తూచే చిన్న త్రాసు మీద పెట్టినా కొంత తెలుస్తుంది.

అన్నిటికీ లోహపువే కొనాలా అంటే, అక్కర్లేదు. గేటు ఎత్తడానికి, జెండా ఊపడానికి, బొమ్మ కళ్లు తిప్పడానికి ప్లాస్టిక్ చక్రాలు చాలు. బరువు మోసే భుజానికి, నడిచే రోబో కాళ్లకు మాత్రం లోహపువి కావాలి. పిల్లలు ఒక పని తప్పకుండా చేస్తారు. మోటారు ఆగి ఉన్నప్పుడు దాని చెయ్యి పట్టుకొని బలవంతంగా తిప్పుతారు. ప్లాస్టిక్ పన్ను విరిగేది చాలావరకు అప్పుడే.

బలం లెక్క దగ్గర మోసపోకూడదు. ఎస్‌జీ-90 కాగితం మీద సాధారణంగా 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలోగ్రామ్-సెంటీమీటర్లు అని ఉంటుంది. అది చదివి 1.8 కిలోలు ఎత్తుతుందనుకుంటారు. ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరంలో అయితే ఆ మాట నిజం. చెయ్యి పొడవు 10 సెంటీమీటర్లైతే అది 180 గ్రాములకు దిగిపోతుంది. నిండు కడవను చంకన పెట్టుకొని నడవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు! పైగా 180 గ్రాములంటే మోటారు కదలలేక ఆగిపోయే బరువు. అందులో మూడో వంతు, అంటే 60 గ్రాములు, వాడుకుంటే మోటారు బతుకుతుంది. అట్టముక్కల బరువు, కొసన పట్టుకునే భాగానికి బిగించిన రెండో మోటారు బరువు కూడా ఆ 60 గ్రాముల్లోనే. పిల్లల చేత ఈ లెక్క ముందే వేయిస్తే సగం మోటార్లు మిగులుతాయి. భౌతికశాస్త్రంలో టార్క్ పాఠం కూడా అయిపోతుంది, అది మాకు అదనపు లాభం.

ఇంకో సంగతి దాతలు ప్రత్యేకంగా వినాలి. మోటారు చెడిపోయిందని పక్కన పడేసినవాటిలో చాలా వాటికి అసలు జబ్బు కరెంటుది. చిన్న సర్వో తిరుగుతూ తిరుగుతూ బిగుసుకుపోతే అర ఆంపియర్ పైగా లాగుతుంది. పిల్లలు వాడే ఆర్డ్యునో ఊనో బోర్డులో కంప్యూటర్ నుంచి వచ్చే కరెంటుకు అర ఆంపియర్ దగ్గరే రక్షణ ఫ్యూజు ఉంటుంది. రెండు మూడు మోటార్లను బోర్డు నుంచే నడిపితే వోల్టేజి పడిపోయి బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. చూసేవాళ్లు మోటారును తిడతారు. నలుచదరపు 9 వోల్టుల బ్యాటరీ ఇంకా చెడ్డది. దాన్ని నేరుగా తగిలించకూడదు, ఈ మోటార్లకు 4.8 నుంచి 6 వోల్టులే తగినవి. బోర్డు ద్వారా ఇచ్చినా అంత కరెంటు అందించే సత్తువ దానికి లేదు. మోటార్లకు వేరుగా 5 వోల్టులు, 2 లేదా 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టి, దాని నెగటివ్ వైరును బోర్డు గ్రౌండుతో కలపాలి. ఈ కలపడం మరచిపోతే మోటారు పిచ్చిగా ఊగుతుంది. అడాప్టర్ వీలుకాని చోట ఛార్జింగ్ చేసుకునే నాలుగు పెన్సిల్ సెల్లులు చాలు, వాటి మొత్తం 4.8 వోల్టులు.

కొనే పద్ధతి చెబుతాము. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఒకేసారి యాభై కొనకూడదు. ముందు మూడు తెచ్చి చూడాలి. మోటారును మధ్యలో నిలిపి చెవి దగ్గర పెట్టుకోవాలి. బరువేమీ లేకుండా గుంయ్ అంటూనే ఉంటే అది స్థిరంగా నిలవడం లేదన్నమాట. తరువాత దాని చెయ్యికి ఒక పొడుగాటి పుల్ల అంటించి, కొస ఆగినచోట కాగితం మీద పెన్సిల్‌తో గీత గీయాలి. అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పి అదే కోణానికి రప్పించాలి. కొస గీత మీదికే వస్తే మంచిది, ప్రతిసారీ ఒక్కోచోట ఆగితే తిరిగి ఇచ్చేయాలి. పది నిమిషాలు నడిచాక ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి కాలకూడదు. 0 నుంచి 180 డిగ్రీలు అని రాసి ఉన్నా చాలావాటికి ఆ చివరలు అందవు. లోపలి అడ్డుకు తగిలి అక్కడే నెడుతూ వేడెక్కుతాయి. అందుకే పిల్లలకు 10 నుంచి 170 డిగ్రీల మధ్యే వాడమని చెబుతాము.

మూడూ నెగ్గితే అదే దుకాణం నుంచి, అదే సరుకులో మిగతావి తీసుకోవాలి. చెయ్యి బిగించే పళ్ల ఇరుసు అన్ని రకాల్లో ఒకేలా ఉండదు. నాలుగు చోట్ల నాలుగు రకాలు కొంటే ఒకదాని చెయ్యి ఇంకొకదానికి పట్టదు, విడిభాగాలన్నీ వృథా.

కాబట్టి మా కోరిక ఇదీ. పెద్ద కిట్లు వద్దు. ముగ్గురేసి పిల్లల ప్రతి జట్టుకు రెండు ప్లాస్టిక్ చక్రాల మోటార్లు, ఒక లోహపు చక్రాల మోటారు, ఒక అడాప్టర్ ఇప్పించండి. వాటికి తోడు క్లబ్బు మొత్తానికి నాలుగో వంతు మోటార్లు అదనంగా కావాలి, విరుగుతాయి కాబట్టి. ఫోటోలో ఇవి పెద్దగా కనిపించవని మాకు తెలుసు. అయినా మీరిచ్చింది మా దగ్గర అమానత్. ఏ మోటారు ఎప్పుడు వచ్చింది, ఏ పరీక్ష నెగ్గింది, ఎలా పోయింది అన్నది పిల్లలే ఒక రిజిస్టరులో రాస్తారు. ఆ రిజిస్టరు ఎప్పుడు అడిగినా చూపిస్తాము.

సరుకు వచ్చిన రోజున పరీక్షలు చేసేది కూడా పిల్లలే. దాతల్లో వీలున్నవారు ఆ మధ్యాహ్నం వచ్చి వాళ్ల పక్కన కూర్చోండి. కళ్లద్దాలు మాత్రం మరచిపోకండి, ఆ స్క్రూలు ఆవగింజంత ఉంటాయి.